పసుపు కోసే కత్తికి పాయనం

ఆకురాయి అంచు మీద ఆనకుండా జర్రున జారిపోయిన ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కమ్మరి కొలిమి దగ్గర గొంతుక్కూర్చుని, నూనెలో ముంచి తీసిన జానెడు ఇనుమును ఎడమ చేత పట్టుకుని, కుడి చేత్తో దాని అంచు మీద ఆకురాయి గీశాను. గంట కిందట అదే ఆకురాయి అదే ఇనుమును మెత్తగా తినేసింది. ఇప్పుడు గాజు మీద గీసినట్టు పక్కకు జారింది. మళ్లీ గీశాను. మళ్లీ జారింది. ఇనుము గట్టిపడింది, గట్టిపరిచింది నేను. అప్పటికి ఎన్నో వార్తలు రాశాను, ఒకటి రెండు మొదటి పేజీలోనూ వచ్చాయి. వాటిలో ఏదీ నన్ను అంత సంతోషపెట్టలేదు.

ఇది ఎనభైల చివరి మాట. ఆర్మూర్‌లో ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ని. పొద్దున మార్కెట్ యార్డు, పోలీస్ స్టేషన్, మండలాఫీసు తిరిగి, పగటి బస్సు డ్రైవరు చేతికి వార్తల కవరు ఇచ్చి నిజామాబాద్ పంపితే ఆ రోజు పని సగం అయిపోయినట్టే. సాయంత్రం దాకా ఖాళీ. అట్లాంటి ఒక ఖాళీ పూట, పసుపు తవ్వకాల ముందు గడ్డపారలకు మొనలు పెట్టే కమ్మరి గురించి నాలుగు ముక్కలు రాద్దామని గుట్ట కింది కొలిమికి వెళ్లాను.

ఆ కమ్మరికి అరవై దాటి ఉంటాయి. అందరిలాగే నేనూ కాకా అనేవాణ్ని. ఇనుము ఎంత కాలితే సరిపోతుంది, నీళ్లలో ఎప్పుడు ముంచాలి, చాలిందని ఎట్లా తెలుస్తుంది అని అడుగుతూ పోయాను. ఎన్ని అడిగినా ఆయన జవాబు ఒకటే, "తెలుస్తది." నేను కలం పట్టుకుని ఇంకా కూర్చునే ఉంటే చివరికి పట్టుకారు నా వైపు తోశాడు.

"రాసుకుంట కూసుంటే తెల్వది సారూ. గిది పట్టు."

నేను పంపిన వార్తను పత్రికవాళ్లు నాలుగు వాక్యాలకు కుదించి ఒక మూల వేశారు. నేను మాత్రం మర్నాడు మళ్లీ కొలిమికి వెళ్లాను. ఆ తర్వాత ఇంచుమించు రోజూ.

కత్తి చేయాలన్న ఆలోచన మా అక్క వల్ల వచ్చింది. అక్కను అంకాపూర్ అవతలి ఊరికి ఇచ్చారు. వాళ్లది పసుపు, మక్కల వ్యవసాయం. తవ్వకాల రోజుల్లో పదిమంది ఆడవాళ్ల గుంపుకు అక్క పెద్ద. తవ్విన దుబ్బులను దులిపి, వేర్లు కోసి, తల్లి దుంప నుంచి కొమ్ములు విడదీసి కుప్పలు పోయడం వాళ్ల పని. మట్టి, ఇసుక, చిన్న చిన్న రాళ్ల మధ్య రోజంతా ఆడే బజారు చాకులు రెండో రోజుకే మొద్దుబారేవి. మూడో రోజు కోయడం పోయి పీకడం మొదలయ్యేది. అట్లా పీకినప్పుడు కొమ్ము తొక్క లేచిపోతుంది. ఎండిన తర్వాత ఆ కొమ్ముకు మార్కెట్లో ధర పలకదు. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్క, ఈ చాకులతో పానం పోతున్నది తమ్మీ అంది. నేను చేసిస్తానన్నాను. పక్కనే అన్నం తింటున్న బావ ముద్ద ఆపి నా చేతుల వంక చూశాడు.

"కలం పట్టిన చేతులు బామ్మర్దీ. బొబ్బలు లేస్తయి జర చూస్కో."

బొబ్బలు లేచిన మాట నిజమే. జక్రాన్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు నుంచి విరిగిన కమాను పట్టీ ఒకటి తెచ్చాను. కాక దాన్ని కాల్చి, సాగగొట్టి, పలుచని ముక్కలుగా చేసి ఇచ్చాడు. వాటిని కత్తి ఆకారంలోకి అరగదీయడం నా వంతు. జానెడు పొడవు, కొస దగ్గర కొంచెం లోపలికి వంపు, వెనక పిడిలోకి పోయే తోక. ఒక్కో ముక్కకు నాలుగైదు మధ్యాహ్నాలు పట్టేది.

ఆ తర్వాతది అసలు పని. ఎర్రగా కాలిన ఇనుమును ముంచి గట్టిపరచడాన్ని పాయనం పెట్టడం అంటారు. నిజామాబాద్ లైబ్రరీలో ఐటీఐ పిల్లల పుస్తకం ఒకటి చదివి, తగినంత కాలిన ఉక్కు అయస్కాంతానికి అంటుకోదని తెలుసుకున్నాను. పాత లౌడ్ స్పీకర్ విప్పి, అందులోని అయస్కాంతాన్ని తీగకు కట్టి కొలిమికి తీసుకెళ్లాను. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొలిమిలో ముక్క పెట్టి, గాలి విసురుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి, ఇప్పుడు పెట్టు అన్నాడు. అయస్కాంతం అంటుకోలేదు. ఇంకో ముక్క పెట్టాం. ఈసారి ఆయన అనకముందే పెట్టాను, టక్కున అంటుకుంది. నాలుగు శ్వాసల తర్వాత ఆయన సరే అన్నాడు, అంటుకోవడం మానేసింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు చూసినా ఆయన కన్ను ఒక్కసారి కూడా తప్పలేదు.

"నీ రాయి గూడ నా మాటనే ఇంటున్నది సారూ," అన్నాడు.

నా మొదటి కత్తిని కాక వద్దంటున్నా నీళ్లలో ముంచాను. గడ్డపారకు నీళ్లు పనికొచ్చినప్పుడు కత్తికి ఎందుకు రావన్నది నా తర్కం. లోపలెక్కడో టింగుమని చిన్న చప్పుడైంది. పైకి తీస్తే వెంట్రుకవాసి పగులు. కమాను ఇనుము నీళ్లకు ఓర్చదని, దానికి నూనె కావాలని ఆయన అంతకు ముందే రెండుసార్లు చెప్పాడు. రెండో కత్తిని లారీల నుంచి దించిన పాత ఇంజను నూనెలో, దాన్ని కాస్త వేడి చేసి, కొస ముందుగా నిలువుగా ముంచాను. ఆకురాయి జారింది ఆ కత్తి మీదే.

అయితే ఆకురాయి జారినంత మాత్రాన కత్తి అయినట్టు కాదు. అప్పుడే ముంచి తీసిన ఉక్కు గట్టిగానే ఉంటుంది కానీ గాజులాగా పెళుసు. దాన్ని మళ్లీ సన్నటి వేడి మీద పెట్టి, ఆ పెళుసుదనం దిగేదాకా కాచాలి. శుభ్రంగా మెరిసే ఉక్కు వేడెక్కుతున్న కొద్దీ రంగులు తిరుగుతుంది. ముందు లేత పసుపు, తర్వాత ముదురు బంగారు రంగు, ఆ తర్వాత గోధుమ, ఊదా, నీలం. కోసే అంచు ముదురు బంగారు రంగుకు వచ్చినప్పుడు ఆపేయాలి. ఆ పని తన ముందే చేయమని, చేశాక తను చూడకుండా కత్తిని ఎవరికీ ఇవ్వొద్దని కాక చెప్పాడు. చెప్పిన మర్నాడే పెళ్లికని సిరికొండ పోయాడు. నాలుగు రోజులదాకా రాడు. అక్కావాళ్ల చేలో తవ్వకం అప్పటికే మొదలైంది. నాకు ఆగబుద్ధి కాలేదు.

మా ఇంట్లో జొన్నరొట్టెలు కాల్చే పెనంలో ఇసుక పోసి, కిరసనాయిలు స్టవ్ మీద పెట్టాను. కత్తిని సానరాయి మీద తెల్లగా మెరిసేదాకా రుద్దాను. చివరగా భుజం మీది తువ్వాలుతో బాగా తుడిచి, ఇసుక మీద పడుకోబెట్టాను. అనుకున్నదానికంటే ముందే రంగు వచ్చింది. అంతటా సమానంగా, నిండుగా, చూడముచ్చటగా పసుపు. కాసేపటికి ముదిరి బంగారమైంది. వెంటనే తీసి చల్లార్చాను. ఏదో మాడిన వాసన వచ్చింది. మా పక్కింట్లో పసుపుకు పాలిష్ పట్టే డ్రమ్ము ఉంది. ఆ రోజుల్లో మా వీధికి వేరే వాసనే లేదు కాబట్టి పట్టించుకోలేదు. తుమ్మకర్ర పిడి వేసి, నూరి, మర్నాడు పొద్దునే సైకిలెక్కి అక్క చేతిలో పెట్టాను.

అక్క ఆ కత్తితో ఒక వేరు కోసి చూసి, తన గుంపు ఆడవాళ్లందరికీ తిప్పి తిప్పి చూపించింది. మా తమ్ముడు పేపర్ల రాసుడే గాదు, గిది గూడ చేసిండు అని వరుసలో ప్రతి ఒక్కరికీ చెప్పింది. నేను సైకిలు తొక్కుకుంటూ తిరిగొస్తుంటే దారిలో ఎదురైన మక్కచేలన్నీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం నేను బస్టాండ్‌లో కవరు ఇచ్చి వస్తుంటే మా ఇంటి అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే రెండు ముక్కలుగా విరిగిన కత్తి.

"ఇగో, నీ వార్త," అన్నాడు.

ఆ మాటలో నవ్వు లేదు. దుబ్బులో దాగిన రాయికి తగిలి కత్తి నడిమికి విరిగిందట. చేయి ముందుకు జారి, విరిగిన అంచు అక్క కుడి అరచేతిలో దిగింది. ఆడవాళ్లు పసుపు అద్ది గుడ్డ కట్టారు. బావ దవాఖానకు తీసుకొచ్చి సూది వేయించాడు, నాలుగు కుట్లు పడ్డాయి. తవ్వకం మాంచి ఊపులో ఉన్న వేళ గుంపుకు పెద్ద చేయి కట్టుకుని గట్టు మీద కూర్చుంది.

నేను వెళ్లేసరికి అక్క గట్టు మీదే ఉంది. ఎడమ చేత్తో దుబ్బులు దులుపుతోంది. నన్ను చూసి ఆడవాళ్లు మాటలాపారు. ఒకామె మాత్రం, రిపోర్టరు సారు వచ్చిండు, చేతులు దాచుకోండ్రి అంది. అక్క నవ్వలేదు. ఏమీ అడగక్కర్లేకుండానే చెప్పింది.

"నీ మీద కోపం లేదు తమ్మీ. కని ఇంకోసారి నీ చేతి ఇనుము నేను పట్ట. పదిమందిల నేనే చెప్పుకున్న గద."

కుట్ల కంటే ఆ చివరి మాటే ఆమెకు ఎక్కువ నొప్పి అని నాకు తెలిసింది. నేను చేసిన కత్తిని ఆమె మళ్లీ ఆ పదిమంది ముందే చేతిలోకి తీసుకోవాలి. ఆ రోజు నుంచి నాకు కావలసింది అదొక్కటే.

సిరికొండ నుంచి వచ్చిన కాక రెండు ముక్కలనూ వెలుగులో పెట్టి విరిగిన చోటును చాలాసేపు చూశాడు. తిట్టలేదు. అక్క చేయి ఎట్లుందని ముందు అడిగాడు. తర్వాత ఆ చోటే చూపిస్తూ, జొన్నపిండి లెక్క సన్నగున్నది, నూకల లెక్క లేదు, కాల్చుడుల తప్పు లేదు అన్నాడు. తప్పు తర్వాతి పనిలో ఉందన్నమాట. రంగు వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, ముదురు బంగారం అన్నాను. ఎంతసేపట్లో అని అడిగాడు. చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. అంత తొందరగా రాదన్నాడు. ఏ బట్టతో తుడిచావని అడిగి, నా భుజం మీది తువ్వాలు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తువ్వాలు రోజూ పొద్దున మార్కెట్ యార్డులో నాతోపాటు తిరిగేదే. కుప్పల్లో చేయి పెట్టి కొమ్ములు విరిచి చూసి, చేతులు తుడుచుకున్నదీ, ముఖం తుడుచుకున్నదీ దానితోనే.

"ఇనుము ఎక్కడ కాగింది సారూ? నీ తువ్వాల పసుపు కాగింది."

అప్పుడర్థమైంది. నేను పెనం మీద చూసింది ఉక్కు రంగు కాదు. తువ్వాలు నుంచి అంటుకున్న పసుపు పొడి, అందులోని నూనె సన్నటి పొరలా కాలి ముదిరిన రంగు. ఉక్కు లోపల ఇంకా గాజులాగే ఉంది. మాడిన వాసన కూడా ఆ మాటే చెప్పింది. నేను వినలేదు. పేపరు పనిలో మాకు మొదట నేర్పేది, ఒక్క సాక్షి మాట పట్టుకుని వార్త రాయొద్దని. కత్తి దగ్గరికొచ్చేసరికి కంటికి కనిపించిన రంగొక్కదాన్నే నమ్మాను. గీకి చూడలేదు, కొట్టి చూడలేదు, ఇంకో మనిషికి చూపించలేదు. పసుపు లేని ఊళ్లో అయితే ఈ తప్పు ఎవరూ చేయలేరని కాక అన్నాడు. ఓదార్చాడో ఎగతాళి చేశాడో తెలియలేదు.

ఆ ఏడాదంతా పని నేర్చుకున్నాను. కొలిమికి వెళ్లేముందు మోచేతుల దాకా కుంకుడు రసంతో కడుక్కునేవాణ్ని. రుద్దిన కత్తిని బూడిదతో తోమి, నీళ్లతో కడిగి, గాలికే ఆరనిచ్చేవాణ్ని. బట్ట తగలనిచ్చేవాణ్ని కాదు. రంగును ఎండలో కాకుండా నీడలో చూడమని కాక చెప్పాడు. కత్తికి పదును లేని వీపు వైపు బాగా కాల్చిన మందపాటి ఇనుప కడ్డీ ఆనించి, వీపు నీలానికి వచ్చేసరికి అంచు బంగారు రంగులో ఆగేట్టు కాచడం నేర్పాడు. అప్పుడు అంచు కోస్తుంది, వీపు దెబ్బకు ఓర్చుకుంటుంది. ఉక్కు నిజంగా రంగు తిరగడం చూసిన తర్వాత ఇక మోసపోవడం కుదరదు. అది ఒక్కసారిగా రాదు. వీపు నుంచి అంచు వైపుకు, సాయంత్రపు నీడ చేలోకి జరిగినట్టు నింపాదిగా జరుగుతుంది.

మూడో కత్తి, నూనెలో ముంచుతున్నప్పుడు నా చేయి వంగడంతో, అరటికాయలా తిరిగిపోయింది. నాలుగోది మరీ భయపడి ఎక్కువ కాచాను, అంచు కూడా నీలమైంది. ఐదోది నిలబడింది. దాన్ని ఎన్ని విధాల పరీక్షించాలో అన్ని విధాలా పరీక్షించాను. ముందు ఆకురాయి, కొద్దిగా పట్టీ పట్టనట్టు ఉండాలి. తర్వాత మా ఇంటి ఇత్తడి గరిటె. దాని కాడ మీద అంచును వాల్చి నొక్కితే, అంచు సన్నగా వంగి మళ్లీ లేవాలి. పెళుసైతే పెచ్చు లేస్తుంది, మెత్తనైతే వంగినది వంగినట్టే ఉంటుంది. నాలుగోది వంగిపోయి ఉండిపోయింది, ఐదోది లేచింది. గరిటె కాడ మీద పడ్డ గాట్లకు నా భార్య, ఇంట్లో ఇంకేమైనా మిగిలిందా పరీక్షకు అని అడిగింది. వెదురు బొంగు నరికాను. రాయిలా ఎండిన పసుపు కొమ్ములను గుప్పెడు తెచ్చి ఒక్కొక్కటే అడ్డంగా కోసి అంచు చూశాను. ఆఖరున కాక ఆ కత్తిని నా చేతిలోంచి తీసుకుని, భుజం ఎత్తు నుంచి దాగలి మీద పడేశాడు. దాగలి అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ. కత్తి ఎగిరి మట్టిలో పడింది. ఆయన దాన్ని తీసి, అంచు మీద బొటనవేలు గోరు నడిపి, పిడి నా వైపు తిప్పి చేతిలో పెట్టాడు.

మళ్లీ తవ్వకాలు వచ్చాయి. కత్తి తీసుకుని చేనికి వెళ్లాను. అక్క కత్తి వైపు చూసింది, నా వైపు చూసింది. చేయి చాపలేదు. ఆమె అరచేతిలో తెల్లటి గీత ఉంది. వరుసలో తన పక్కన ఖాళీ చూపించింది.

"నువ్వే కూసోని కొయ్యి. పొద్దుమూకే దాక నీ చెయ్యి మంచిగుంటే అప్పుడు చూద్దాం."

కవరు సంగతి ఆ రోజుకు వదిలేసి కూర్చున్నాను. ఆడవాళ్లకు పండుగైంది. ఒకామె, సారూ రేపు పేపర్ల మా ఫొటో వస్తదా, నీ ఫొటో వస్తదా అని అడిగింది. ఇంకొకామె, ఆయనదే ఎయ్యాలె, మనం రోజు కూసుంటున్నం గద అని జవాబిచ్చింది. గట్టు మీద నుంచి బావ, కుప్ప చూడు, కోడి గీకినట్టున్నది అన్నాడు. నిజంగానే వాళ్లు మూడు దుబ్బులు పూర్తి చేసేలోపు నాది ఒకటి అయ్యేది. నడుము పట్టేసింది. కానీ నా కళ్లన్నీ అంచు మీదే. రాయి తగిలినప్పుడల్లా ఆపి, కత్తిని వెలుతురుకు పెట్టి చూసుకున్నాను. ఒకసారి గోళీకాయంత రాయికి నేరుగా తగిలి చేయి జుమ్మంది. చుట్టూ అందరూ ఆగారు. అక్క కూడా ఆగింది. చూస్తే అంచు మీద ఒక చోట మెరుపు తప్ప ఏమీ లేదు. పెచ్చు లేవలేదు, వంగలేదు. తర్వాతి వేరు అంతకు ముందు లాగానే తెగింది.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు అక్క చాకు మొద్దుబారి పీకడం మొదలుపెట్టింది. నేను గమనించాను. ఆమె రెండుసార్లు దాన్ని రాయి మీద రుద్దింది. మూడోసారి దాన్ని పక్కన పడేసి, తల తిప్పకుండానే కుడి చేయి నా వైపు చాపింది.

"ఇటియ్యి."

వరుసలో ఎవరూ జోకు వేయలేదు. కత్తి పిడి ముందుకు తిప్పి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మొదటి వేరును నెమ్మదిగా కోసింది, రెండోది ఇంకొంచెం వేగంగా. పదో దుబ్బు వచ్చేసరికి తన చెయ్యి సంగతి మర్చిపోయింది. వేళ్లు ఆడుతున్నాయి, కొమ్ములు తొక్క చెదరకుండా కుప్పలో పడుతున్నాయి. నేను పక్కన కూర్చుని దుబ్బులు దులిపి అందించాను. అంతకంటే గొప్ప పని ఏదీ నాకు ఆ రోజు తోచలేదు. ఎదుటి ఆమె, వదినా జర మాకూ ఇయ్యరాదు, చూసిస్తం అని అడిగితే, మీకు గూడ చేస్తడు తియ్యి, తొందరేంది అంది అక్క. ఎవరు చేస్తారో చెప్పాల్సిన పనే లేనట్టు అంది.

పొద్దు వాలి అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు కత్తి ఇవ్వమన్నాను. రోజంతా ఆడిన అంచును కాకకు చూపించాలని, రేపు పొద్దునే తెచ్చిస్తానని చెప్పాను. అక్క కత్తిని కొంగుతో తుడిచి, బొడ్లో దోపుకుంది.

"కాకను గిటే రమ్మను తమ్మీ. చూసి పోతడు," అని, మిగిలిన దుబ్బుల మీద ఆకు కప్పడానికి లేచింది.